పాటలున్నాయి, చిట్టా పోయింది: పాత రికార్డుల విషయమై బహిరంగ లేఖ

కడప, కర్నూలు, అనంతపురం జిల్లా గ్రంథాలయ సంస్థల అధ్యక్షులకు, కార్యదర్శులకు;
రాష్ట్ర భాషా సాంస్కృతిక శాఖ అధికారులకు;
పాత తెలుగు రికార్డులు, క్యాసెట్ల మీద హక్కులున్న కంపెనీల యాజమాన్యాలకు.

అయ్యా, అమ్మా,

నమస్కారం. హరికథలు, పద్యనాటకాలు, తత్వాలు, చెక్కభజన పాటలు సేకరించి కంప్యూటర్లోకి ఎక్కించే పని చేసేవాళ్లం రాస్తున్న లేఖ ఇది. మీకందరికీ విడివిడిగా అర్జీలు పంపాం. అందినట్టు కార్డులు తిరిగొచ్చాయి. జవాబు మాత్రం ఒక్కరి దగ్గర నుంచీ రాలేదు. అందుకే పదిమందీ చదివేలా ఇలా రాయాల్సి వచ్చింది.

సంగతి ఇది. తెలిసినవాళ్లు పిలిస్తేనే చేరగలిగే ఒక పాటల పంపక కూటమి ఇంటర్నెట్లో నిన్నమొన్నటి దాకా నడిచింది. చందా లేదు, ప్రకటనలు లేవు. తన దగ్గరున్న క్యాసెట్టునో రికార్డునో శుభ్రంగా ఎక్కించి పెడితేనే ఎవరికైనా అందులో నిలబడే హక్కు. ఒక రికార్డింగ్ కంపెనీ ఫిర్యాదు పెట్టింది, సర్వర్ అద్దెకిచ్చినవాళ్లు ఒక్క పూటలో ఆపేశారు. ఏ పాట మీద ఫిర్యాదు అని అడిగితే 'మొత్తం మీద' అన్నారు. 'మొత్తం'లో కోలాటం పాటలూ ఉన్నాయి, పీర్ల పండగ పాటలూ ఉన్నాయి. ఆ కంపెనీ వాటిని ఎన్నడూ రికార్డు చేసింది లేదు.

ముందు ఒక అపోహ తీర్చాలి. ఆ సర్వర్లో పాటలు లేవు. ఒక్కటి కూడా లేదు. ఈ పద్ధతిలో ఫైలును ముక్కలు చేస్తారు. ముక్క ఒక మెగాబైటు అనుకుందాం. ఒక్కో ముక్కకు 20 బైట్ల లెక్క ఒకటి కడతారు, వేలిముద్ర లాంటిది. ఒక గిగాబైటు ఫైలుకు ఆ వేలిముద్రలన్నీ కలిపినా 20 కిలోబైట్లు దాటవు. సర్వర్లో ఉండేది ఈ ముద్రలు, ఏ ఫైలు ఎవరి దగ్గరుందో చెప్పే పట్టిక, దాని వెంట వివరాల చిట్టా. పాట మాత్రం జనాల ఇళ్లలో ఉన్న హార్డ్ డిస్కుల్లోనే ఉంటుంది, ఈరోజూ అక్కడే ఉంది. కాకపోతే ఇది బయటివాళ్లకు తలుపు తెరవని కూటమి కాబట్టి, ఫైళ్ల మీద 'ప్రైవేటు' గుర్తు పెట్టి ఉంటుంది. ఆ గుర్తు ఉంటే సాఫ్ట్‌వేరు తన సర్వర్ని తప్ప ఇంకెవరినీ దారి అడగదు. సర్వర్ ఆగిందా, ఒకే ఫైలు నంద్యాలలో ఒకరి దగ్గర, హిందూపురంలో ఒకరి దగ్గర ఉన్నా ఒకరి ఊసు ఒకరికి తెలియదు. పుస్తకాలన్నీ బీరువాల్లోనే ఉంచి, గ్రంథాలయంలో కేటలాగు కార్డులు మాత్రం తగలబెట్టినట్టు.

ఆ చిట్టాలో ఏముండేదో ఒక పట్టీ చూస్తే తెలుస్తుంది. ఒక చెక్కభజన క్యాసెట్టుకు ఇలా రాసి ఉంటుంది: సి-60, అతికించిన డబ్బా, స్క్రూలు లేవు. ఎ సైడు 29 నిమిషాల 40 సెకన్లు. 22వ నిమిషం దగ్గర టేపు మడత, అక్కడ ఒక చరణం మొదటి పాదం సరిగా వినపడదు, ఇంకో ప్రతి దొరికితే మార్చాలి. హార్మోనియం అయిదు శ్రుతి అని దళపతి చెప్పాడు, డెక్కులో అయిదున్నర పలికింది, వేగం సరిచేశాం. తాళాలు ఇద్దరు, మద్దెల ఒకరు, ఊరి పేరు, బి సైడు చివర ఎవరో పిల్లవాడు నవ్వుతాడు, కత్తిరించలేదు. ఇలాంటి పట్టీలు ఏళ్ల తరబడి ఒకరు రాస్తే ఒకరు దిద్దినవి. ఇందులో ఏ కంపెనీ హక్కుకు భంగం కలిగిందో మాకు అర్థం కాలేదు.

ఇలా జరగడం ప్రపంచంలో మొదటిసారి కాదు. 2007 అక్టోబరు 23న ఇంగ్లండు, నెదర్లాండ్స్ పోలీసులు కలిసి ఆయింక్ అనే కూటమిని మూయించారు. నడిపిన యువకుడి మీద మోసం కేసు పెట్టారు. 2010 జనవరిలో జ్యూరీ అతన్ని నిర్దోషి అని తేల్చింది. ఆయింక్ పోయిన కొద్ది రోజులకే వాట్ డాట్ సీడీ పుట్టింది. 2016 నవంబరు 17న ఫ్రాన్స్ అధికారుల చర్యతో అదీ ఆగింది. సమాచారమంతా చెరిపేశామని నిర్వాహకులే ప్రకటించారు. అక్కడ పోయినవాటిలో చాలావాటికి ఏదో ఒక దుకాణంలో ఓ సీడీ అయినా దొరుకుతుంది. మన చెక్కభజనకు ఏ దుకాణంలో సీడీ ఉంది?

దీనివల్ల మామూలు జనానికి ఏం నష్టమో వరుసగా చెప్తాం.

1. నేర్చుకునేవాళ్లకు ఆధారం పోయింది. పద్యం చదవడం కాగితం చూసి రాదు. రాగం ఎక్కడ ఎత్తుకోవాలి, ఎక్కడ ఊపిరి తీసుకోవాలి, హార్మోనియం ఎంతసేపు ఆగాలి, ఇవన్నీ విని పట్టుకోవాల్సిందే. జాతర్లో వేషం కట్టే కుర్రవాడు, భజనగుడిలో పాడే ఆడవాళ్లు ఇప్పుడు బస్టాండు దగ్గర మెమరీ కార్డులో పాటలు వేసిచ్చే షాపుకు పోతున్నారు. అక్కడ దొరికేది 64 లేదా 128 కిలోబిట్ల ఎంపీ3. 128 కిలోబిట్ల ఫైలు సాధారణంగా 16 కిలోహెర్ట్జ్ దగ్గర పైస్వరాలను కోసేస్తుంది. తాళాల గలగల ముందు పోయేది అక్కడే. కొందరు దాన్నే మళ్లీ 320గా మార్చి 'ఒరిజినల్ క్వాలిటీ' అని అమ్ముతారు. ఫైలు లావెక్కుతుంది, పోయిన శబ్దం తిరిగి రాదు. శబ్దపటం (ఏ స్థాయి స్వరం ఎంత ఉందో చూపే బొమ్మ) తెరిచి చూస్తే 16 దగ్గర గోడ కట్టినట్టు కోత అలాగే కనిపిస్తుంది. మా కూటమిలో అలాంటి ఫైలు పెడితే అదే రోజు తీసేసేవాళ్లం.

దీనికన్నా పెద్ద తిప్పలు వేగంతో వస్తాయి. టేపు సెకనుకు 4.76 సెంటీమీటర్లు నడవాలి. పాత డెక్కులో మోటారు స్క్రూ కదిలి వేగం 6 శాతం పెరిగితే అయిదు శ్రుతిలో పాడింది అయిదున్నరలో, అంటే హార్మోనియం మీద ఒక మెట్టు పైన వినిపిస్తుంది. బెల్టు సాగి 3 శాతం తగ్గితే రెండు శ్రుతులకూ మధ్యన, ఏ మెట్టుకూ చెందకుండా నిలబడుతుంది. నిమిషానికి 78 చుట్లు తిరుగుతాయని 78 రికార్డులనే పేరే గానీ పాతవాటిలో 76కు, 80కి కోసినవీ ఉన్నాయి. 80 రికార్డును 78లో తిప్పితే దాదాపు అర మెట్టు కిందికి దిగుతుంది. నేర్చుకునేవాడు హార్మోనియం పక్కన పెట్టుకుని కలవక, తన చెవిదే తప్పనుకుంటాడు. ఈ దిద్దుబాట్లన్నీ ఉన్నది చిట్టాలో. కార్డు షాపులు తెరిచే ఉన్నాయి, చిట్టా మూతపడింది. దొంగను వదిలి కాపలావాణ్ని పట్టుకున్నారు.

2. టేపులు ఆగవు. మా ఆత్రానికి అసలు కారణం ఇదే, కాస్త వివరంగా చెప్పాలి. మన జిల్లాల్లో వేసవి 40 డిగ్రీలు దాటుతుంది. క్యాసెట్లేమో అటక మీద, రేకు పెట్టెల్లో. వేడికి ముందు చెడేది టేపు కాదు, దాని వెనక ఉండే చిన్న మెత్త ముక్క. దాన్ని పట్టుకున్న జిగురు ఎండి, ముక్క రాలిపోతుంది. అది లేకపోతే టేపు, దాన్ని చదివే హెడ్డుకు ఆనదు. శబ్దం దుప్పటి కప్పినట్టు వస్తుంది, వస్తూ పోతూ ఉంటుంది. చాలామంది అప్పుడే క్యాసెట్టు పాడైందని పారేస్తారు. ఇంకో క్యాసెట్టులోని ముక్క తీసి అతికిస్తే అయిదు నిమిషాల పని. స్థానికంగా అచ్చువేసిన చవక క్యాసెట్లకు స్క్రూలుండవు, డబ్బా అతికించేసి ఉంటుంది. అతుకు వెంట సన్న బ్లేడుతో విడదీసి, రెండు చుట్టలనూ అయిదు స్క్రూల ఖాళీ డబ్బాలోకి మార్చాలి. చుట్ట కింద పడితే మాత్రం ఆ పూటంతా పెన్సిలుతో చుట్టుకోవాల్సిందే.

తెచ్చిన వెంటనే ప్లే నొక్కకూడదు. ముందు అటు చివరి దాకా, మళ్లీ ఇటు మొదటి దాకా ఒకసారి చుట్టాలి. ఏళ్ల తరబడి ఒక పొర మీద ఒకటి అంటుకున్న టేపు అప్పుడు వదులవుతుంది. హెడ్డు, రబ్బరు రోలరు ప్రతి రెండు మూడు క్యాసెట్లకూ తుడవాలి. హెడ్డుకు ఐసోప్రొపైల్ ఆల్కహాలు, నీళ్లు కలవనిది. రబ్బరుకు సబ్బునీళ్లు చాలు. ఇదే ఆల్కహాలుతో 78 రికార్డు తుడిస్తే పని అయిపోయినట్టే. ఆ రికార్డుల్లో ఉండేది లక్క, స్పిరిటులో కరిగిపోతుంది. హెడ్డు పక్కన చిన్న స్క్రూ ఒకటి ఉంటుంది. టేపు రికార్డయిన మిషనులో హెడ్డు ఏ కోణంలో ఉందో మన డెక్కులోనూ ఆ కోణం రావాలి. తాళాలు బాగా మోగే చోటు చూసుకుని, వింటూ, ఆ స్క్రూను వెంట్రుకవాసి తిప్పాలి. ఈ ఒక్క పని చేయక, టేపులో బంగారంలా ఉన్న గొంతును బురదలో ముంచి ఎక్కించినవే ఎక్కువ. రికార్డుకైతే ముల్లు మార్చాలి. ఎల్పీ ముల్లు మొన సన్నం. 78 గాడి వెడల్పు ఎక్కువ, 3 మిల్ (అంగుళంలో వెయ్యో వంతును మిల్ అంటారు) ముల్లు కావాలి. సన్న ముల్లు గాడి అడుగుకు జారి, అక్కడి దుమ్మును పాడుతుంది.

60 నిమిషాల క్యాసెట్టు ఎక్కించడానికి 60 నిమిషాలే పడుతుంది, తొందరపెట్టే దారి లేదు. వెయ్యి క్యాసెట్లు వెయ్యి గంటలు. రోజుకు నాలుగు గంటలు కూర్చుంటే 250 రోజులు. 24 బిట్లు, 96 కిలోహెర్ట్జ్‌లో స్టీరియోగా ఎక్కిస్తే నిమిషానికి 34.56 మెగాబైట్లు. ఆ వెయ్యి క్యాసెట్లూ సుమారు 2 టెరాబైట్లు, అంటే అరచేతిలో పట్టే ఒక్క డిస్కు. శబ్దం పోకుండా కుదించే ఫ్లాక్‌లోకి మారిస్తే అందులో సగంతోనే సరిపోవచ్చు. చోటుకు కరువు లేదు. ఒకరు చేసిందే ఇంకొకరు చేయకుండా చూసుకోవడమే కష్టం. ఏది అయింది, ఏది కాలేదు, ఎవరి ప్రతి మెరుగు అని చెప్పింది ఆ చిట్టాయే. అది లేక ఈరోజు ఒకే టేపును ఇద్దరు అరగదీస్తున్నారు, పక్కూళ్లో ఇంకోటి బూజు పడుతోంది.

3. కళాకారుల కుటుంబాలు. తండ్రి గొంతు కావాలని అడిగే పిల్లలకు చిట్టా చూసి రెండు నిమిషాల్లో చెప్పగలిగేవాళ్లం. ఇప్పుడు చెప్పలేం.

4. రేడియోలో వచ్చినవి. కడప ఆకాశవాణి 1963లో మొదలైంది. స్పూలు టేపు ఖరీదైనది కాబట్టి రేడియో కేంద్రాల్లో పాతది చెరిపి కొత్తది ఎక్కించడం ఆ రోజుల్లో మామూలే. అలా చెరిగిన కార్యక్రమాల్లో కొన్నింటికి శ్రోత ఇంట్లో టూ-ఇన్-వన్ మీద పట్టిన క్యాసెట్టే మిగిలిన ఏకైక ప్రతి కావచ్చు. 'ఇంట్లో రికార్డు చేసుకోవడం తప్పు కదా' అనేవాళ్లున్నారు. ఆ తప్పే లేకపోతే వినడానికి ఏమీ మిగిలేది కాదు. 1820ల్లో బ్రౌన్ దొర కడప బంగళాలో పండితులను కూర్చోబెట్టి చేయించిందీ ఈ పనే: ఊరూరా ప్రతులు తెప్పించి, ఒకదానితో ఒకటి పోల్చి, శుద్ధప్రతి రాయించడం. ఆయన పేరు మీద ఇదే కడపలో గ్రంథాలయం కట్టుకున్నాం.

ఇక చట్టం మాట. 'పాతవన్నీ ఉచితం' అన్నది మా వాదన కాదు. 1957 కాపీరైట్ చట్టం 27వ సెక్షన్ ప్రకారం రికార్డింగు మీద హక్కు, విడుదలైన మరుసటి ఏడాది మొదలుకొని 60 ఏళ్లు. 1964లో వచ్చిన రికార్డు మీద హక్కు 2024 డిసెంబరు 31తో తీరింది. అంతకుముందు వచ్చినవన్నీ తీరినట్టే. అయితే రికార్డింగు వేరు, సాహిత్యం వేరు, బాణీ వేరు. రాసినవారు, స్వరపరిచినవారు పోయాక 60 ఏళ్ల దాకా వాళ్ల హక్కు ఉంటుంది. అన్నమయ్య మాటల మీద ఎవరికీ హక్కు లేదు. అదే కీర్తనకు మన అనంతపురం జిల్లాలో పుట్టిన రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ గారు కట్టిన బాణీ ఉందనుకోండి, ఆయన 1979లో కన్నుమూశారు కాబట్టి 2039 చివరి దాకా హక్కు నిలుస్తుంది. బ్రహ్మంగారి తత్వాన్ని ఊరి బాణీలో ఊరివాళ్లు పాడుకుని టేపు పట్టుకుంటే అందులో ఏ కంపెనీకి ఏముంది? పాడినవాళ్ల హక్కు 50 ఏళ్లు. అడగాల్సింది వాళ్లను.

లింకులు చూపే మధ్యవర్తి మీద ఫిర్యాదు చేయడానికి అదే చట్టంలోని 52(1)(సి) సెక్షన్, 2013 కాపీరైట్ రూల్స్‌లో 75వ రూలు ఒక పద్ధతి చెప్తున్నాయి. ఏ కృతి, దాని మీద తమ హక్కుకు ఆధారమేంటి, అది ఎక్కడుంది అన్నవి రాసివ్వాలి. మధ్యవర్తి 36 గంటల్లో దాన్ని ఆపాలి. ఫిర్యాదుదారు 21 రోజుల్లో కోర్టు ఉత్తర్వు తేవాలి. తేకపోతే తిరిగి తెరవచ్చు. ఇక్కడ కృతి పేరూ లేదు, ఉత్తర్వూ లేదు. 21 రోజులు ఎప్పుడో దాటాయి.

మా వైపు తప్పు కూడా చెప్పుకోవాలి. కంపెనీలు ఇప్పటికీ అమ్ముతున్న సినిమా ఆల్బమ్‌లు కొన్ని ఆ కూటమిలో తిరిగాయి. అవి ఉండకూడదు. వాటిని పీకేయమనండి, అడ్డుపడం. చేనులో కలుపుంటే కలుపు తీస్తారు గానీ చేను దున్నేయరు కదా.

మేం అడుగుతున్నవి:

1. చిట్టాను తిరిగివ్వాలి. సర్వర్ నిలిపినవాళ్ల దగ్గర దాని నకలు ఉంటే చెరపకుండా ఉంచాలి. పాటల లింకులు లేకుండా ఒట్టి వివరాలే అయినా చాలు. ఫిర్యాదు చేసిన కంపెనీ 'అభ్యంతరం లేదు' అని ఒక్క వాక్యం రాసిస్తే పని జరుగుతుంది.

2. హక్కులున్న కంపెనీలు తమ దగ్గరున్న హరికథ, పద్యం, భజన రికార్డుల పట్టికను విడుదలైన సంవత్సరంతో సహా బయటపెట్టాలి. అప్పుడు ఏది ముట్టుకోకూడదో మాకు తెలుస్తుంది, ఏది తీరిపోయిందో అందరికీ తెలుస్తుంది. అమ్మే ఉద్దేశం ఉంటే అమ్మండి, కొనుక్కుంటాం. అమ్మకుండా, ఇవ్వకుండా, జవాబు చెప్పకుండా కూర్చుంటే 31, 31ఎ సెక్షన్ల కింద లైసెన్సు కోసం దరఖాస్తు పెట్టక తప్పదు. ఆ దారి పొడుగని మాకు తెలుసు.

3. మూడు జిల్లా కేంద్ర గ్రంథాలయాల్లోనూ ఒక్కో ఎక్కింపు బల్ల పెట్టాలి. చట్టం దీనికి ఇప్పటికే తలుపు తెరిచి పెట్టింది. లాభాపేక్ష లేని ప్రజా గ్రంథాలయం తన దగ్గరున్న డిజిటల్ కాని ప్రతిని భద్రపరచడానికి ఎలక్ట్రానిక్ రూపంలో దాచుకోవచ్చని 52(1)(ఎన్) చెప్తుంది. కాబట్టి వరుస ముఖ్యం: ముందు క్యాసెట్టు గ్రంథాలయానికి దానంగా రావాలి, పుస్తకాల్లాగే నెంబరు వేసి రిజిస్టరులో ఎక్కించాలి, ఆ తర్వాతే కంప్యూటర్లోకి. తిరగేస్తే చట్టం రక్షణ ఉండదు.

కావలసిన సామాను ఎక్కువేం కాదు. క్యాసెట్ డెక్కులు రెండు, ఎందుకంటే ఒకటి ఎప్పుడూ రిపేరులో ఉంటుంది. 78 వేగం ఉన్న రికార్డు ప్లేయరు ఒకటి, దానికి 3 మిల్ ముల్లు. ఆడియో ఇంటర్‌ఫేసు, కంప్యూటరు, బెల్టులు ఒక పది, ఖాళీ స్క్రూ డబ్బాలు యాభై. హార్డ్ డిస్కులు మూడు, అందులో ఒకటి వేరే జిల్లా గ్రంథాలయంలో ఉండాలి. 2009 అక్టోబరులో కర్నూలు ఎలా మునిగిందో, 2021 నవంబరులో అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి ఎన్ని ఇళ్లు కొట్టుకుపోయాయో చూసినవాళ్లకు ఎందుకో చెప్పక్కర్లేదు. డబ్బు సంగతి అడిగితే, ఇంటిపన్నుతో కలిపి గ్రంథాలయ సెస్సు కడుతూనే ఉన్నాం. మనిషి కావాలంటే మాలో ఎవరో ఒకరు వంతులవారీగా వచ్చి కూర్చుంటాం, జీతం అక్కర్లేదు.

4. ఎక్కించిన మూలప్రతి మీద గుర్రుమనే శబ్దం తీసేసే సాఫ్ట్‌వేరు వాడకూడదని సాంస్కృతిక శాఖ లిఖితపూర్వకంగా నియమం పెట్టాలి. ఇది చిన్న విషయంలా కనబడుతుంది. కానీ గుర్రు పోయే దారిలోనే తంబుర పోతుంది. శుభ్రం చేసిన ప్రతి కావాలంటే వేరే చేసుకోవచ్చు, మూలం ముట్టుకోకూడదు.

5. పాడినవాళ్లకు, వాళ్ల వారసులకు ఒక ప్రతి ఉచితంగా ఇవ్వాలి.

వచ్చే నెల మొదటి పనిదినాన మూడు ఊళ్లలోనూ జిల్లా కేంద్ర గ్రంథాలయానికి ఒక్కో అట్టపెట్టె క్యాసెట్లు తెస్తాం. ప్రతిదాని మీదా పేరు, ఊరు, నిమిషాలు రాసి ఉంటాయి. చిట్టా మళ్లీ మొదటి పట్టీ నుంచి చేత్తో రాస్తున్నాం, ఆ నోటుపుస్తకం నకలు కూడా పెట్టెలో ఉంటుంది. పెట్టె దించుకుని, నెంబర్లు వేసి, రసీదు ఇవ్వగలరు.

ఇట్లు,
కడప, కర్నూలు, అనంతపురం జిల్లాల పాత పాటల సేకర్తలు